కోసిన కాయకు ఆయువు

మామిడి కాలము సమీపించినంతనే మన పత్రికలలో ఏటేటా రెండు వార్తలు తప్పక దర్శనమిచ్చును. కార్బైడుతో మాగబెట్టిన కాయలను అధికారులు పట్టి పారబోయించిరనునది మొదటిది. శీతలగిడ్డంగులు లేకపోవుటచే రైతు పంటను తెగనమ్ముకొనుచున్నాడనునది రెండవది. మొదటిదానికి వర్తకుని దురాశయు, రెండవదానికి ప్రభుత్వపు ఉపేక్షయు కారణములని నిర్ణయించుకొని, ఒకదానికి దాడులును, మరియొకదానికి రాయితీలును పరిష్కారములుగా మనము సూచించుచుందుము. కాని ఈ రెండు వార్తలును పుట్టుచున్నది ఒక్కచోటనే. అది వర్తకుని కొట్టు గాదు, గిడ్డంగి లేని ఊరును గాదు. కాయ చెట్టునుండి వేరుపడు మొదటి పూట తోటలో జరుగు పనులును, ఆ పనులకు మన మార్కెట్టు కట్టుచున్న వెలయును.

చెట్టునుండి వేరుపడిన కాయ నిర్జీవమైన సరకు కాదు. అది శ్వాసించుచునే యుండును. తనలో దాచుకొన్న పిండిపదార్థమును చక్కెరగా మార్చుకొని, ఆ చక్కెరనే ప్రాణవాయువుతో దహించి, బొగ్గుపులుసు వాయువును, నీటియావిరిని, వేడిమిని వెలిబుచ్చుచుండును. కొమ్మపై నున్నంతకాలము ఈ వ్యయమును ఆకులు భర్తీచేయును. ముచ్చిక తెగిన క్షణమునుండి ఆ రాబడి నిలిచిపోవుటచే, దూరప్రయాణమునకు బయలుదేరిన బాటసారి సద్దిమూటతోనే దారియంతయు గడుపుకొనునట్లు, కాయ తనలో నున్నదానితోనే శేషజీవితమును వెళ్లబుచ్చవలెను. పండ్లను నిలువయుంచు విద్య యంతయు ఆ సద్దిని పొదుపుగా ఖర్చుపెట్టించుటయే గాని క్రొత్తగా పిడికెడు చేర్చుట కాదు. ఏ యంత్రమును, ఏ రసాయనమును, ఏ మైనపుపూతయు కోసిన పండునకు ఆయువు పోయజాలదు. ఉన్న ఆయువు తరిగిపోవు వేగమును మాత్రమే తగ్గింపగలదు. ఆ వేగమును ప్రధానముగా శాసించునది ఉష్ణోగ్రత. వేడిమి 10 సెంటీగ్రేడు డిగ్రీలు హెచ్చినచో శ్వాసక్రియ ఇంచుమించు రెండు మూడు రెట్లగునని వృక్షశరీరశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వైశాఖమాసపు మధ్యాహ్నమున నూజివీడు తోటలోనో, కొల్లాపురము తోటలోనో 40 డిగ్రీల ఎండకు కుప్పపోసి విడిచిన కాయలు, 13 డిగ్రీల చల్లనిగదిలో దినమంతయు ఖర్చుచేయుదానిని ఆ కొలది గంటలలోనే కరగించుకొనుచున్నవని దీనివలన గ్రహింపవచ్చును.

ఈ పొదుపువిద్య శాస్త్రముగా రూపొందుటకు నూరేండ్లకు పైబడి పట్టినది. 1821లో ఫ్రాన్సు దేశమున మోంపెల్యే నగరవాసియైన బెరార్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, ప్రాణవాయువు లేని పాత్రలో నుంచిన కాయలు పండకుండుటను గమనించి లోకమునకు వెల్లడించెను. లోకము దానిని చాలకాలము మరచిపోయెను. కేంబ్రిడ్జిలో కిడ్, వెస్ట్ అను నిరువురు శాస్త్రజ్ఞులు 1920 దశకమున ఆపిల్ పండ్ల శ్వాసను కొలిచి, పండుటకు ముందు అది ఉవ్వెత్తున లేచి మరల దిగజారుటను గుర్తించిరి. వారి కృషి ఫలితముగా 1929లో ఇంగ్లండునందలి కెంట్ మండలమున, కాంటర్బరీ సమీపమున, గాలిలోని వాయువుల పాళ్లను నియమించి ఆపిల్ పండ్లను దాచు తొలి వాణిజ్యశాల వెలసినది. పండు తనంతట తానే ఎథిలీను వాయువును పుట్టించుకొనుచున్నదని 1934లో రిచర్డ్ గేన్ నిరూపించెను. ఆ వాయువు కణములలో ఏ మార్గమున తయారగుచున్నదో షాంగ్ ఫా యాంగ్ ప్రభృతులు 1979 నాటికి తేల్చిరి. కణములలో ఎథిలీను అంటుకొను స్థానములను తానే ముందుగా ఆక్రమించి, పండుమను ఆజ్ఞను నిష్ఫలము చేయు మిథైల్ సైక్లోప్రొపీన్ ప్రయోగమునకు అమెరికాలోని నార్త్ కెరొలినా స్టేట్ విశ్వవిద్యాలయమున సిస్లర్, బ్లాంకెన్‌షిప్ అనువారు 1996లో పేటెంటు పొందిరి. శరత్కాలమున కాశ్మీరములోనో, సిమ్లా కొండలలోనో కోసిన ఆపిల్ పండు మరుసటి వేసవిలో విజయవాడ బండ్లపై కరకరలాడుచు దొరకుటకు ఈ పరంపరయే కారణము. సున్నకు సమీపమైన చలియు, నూటికి రెండు మూడు పాళ్లకు తగ్గించిన ప్రాణవాయువును కలిసి ఆ పండును నెలల తరబడి నిద్రపుచ్చుచున్నవి.

ఈ ఘనవిజయమును చూచియే కాబోలు, మన నాయకులు ఏ సభలో మామిడిరైతు ప్రస్తావన వచ్చినను శీతలగిడ్డంగిని వరముగా ప్రకటించుచున్నారు. ఆపిల్‌ను బ్రదికించు చలి మామిడిని చంపునన్న సంగతి ఆ సభలలో వినబడదు. మామిడి ఉష్ణమండలపు బిడ్డ. 12, 13 డిగ్రీలకు తక్కువైన చలిలో కొన్నినాళ్లుంచినచో దాని కణములపొరలు దెబ్బతిని, తొక్కపై బూడిదరంగు మచ్చలును, చిన్నచిన్న గుంటలును ఏర్పడును. వెలికి తీసిన పిదప సరిగా పండదు, పండినను ఆ రుచియు, ఆ పరిమళమును రావు. గుంటూరు పరిసరములలో శీతలగిడ్డంగులు బారులు తీరియున్న మాట నిజమే. అవి మిరపకాయల కొరకు కట్టినవి. ఉత్తరదేశపు గిడ్డంగులు అధికభాగము బంగాళాదుంపకై కట్టినవి. రాష్ట్రమున గిడ్డంగుల సామర్థ్యము ఇన్ని లక్షల టన్నులని లెక్కలు చదువునపుడు, అందు మామిడి నుంచదగిన గదులెన్ని యని అడుగువారే అరుదు. తగిన గదియే దొరికినదనుకొందము: 13 డిగ్రీల చల్లదనమును, నూటికి 85 మొదలు 90 వరకు గాలిలో తేమయు గలచోట, చక్కగా ముదిరిన పచ్చికాయ రెండు మూడు వారములు నిలుచును. అంతకుమించి ఆశింపరాదు. ఆపిల్ పట్ల అద్భుతముగా పనిచేసిన మిథైల్ సైక్లోప్రొపీన్ సైతము మామిడి విషయమున అంతటి నిలకడ చూపలేదు. (గృహిణులకు ఒక మాట: దోరకాయను ఇంటి ఫ్రిజ్‌లో పెట్టుట ఇదే పొరపాటునకు చిన్నరూపము. బయట పూర్తిగా పండనిచ్చి, పిదప లోపల పెట్టినచో నాలుగైదు దినములు నిశ్చింతగా నుండవచ్చును.)

మామిడికి ప్రకృతి యిచ్చిన గడువు రెండు మూడు వారములే యైనపుడు, అందొక్క దినము వృథాయగుటయు పెద్దనష్టమే. ఆ దినములు ఎచ్చట వృథాయగుచున్నవో చూడవలెనన్న కోతనాడు తోటలో నిలువవలెను. మొట్టమొదటి ప్రశ్న కాయ ముదురు. ముచ్చిక చుట్టునున్న భుజములు ఉబికి, కాయ బుగ్గలు నిండినప్పుడు అది ముదిరినదని తోటమాలి కన్ను పసిగట్టును. కన్నును నమ్మలేనివారు తొట్టినిండ నీరుపోసి కాయలను అందు విడిచినచో ముదిరినవి మునుగును, లేతవి తేలును. ఇంతకంటె చౌకయైన ప్రయోగశాల లేదు. రెండవది కోత. కొమ్మ కుదిపి రాల్చిన కాయకు ఆనాడు గాయమేమియు కనబడదు. మూడవనాటికి నేల తగిలినచోట కండ మెత్తబడి, తొక్క నల్లబడి, ప్రక్కకాయకు సైతము కీడు తెచ్చును. గాయపడిన కాయ అధికముగా ఎథిలీను పుట్టించుటయే దానికి కారణము. దోటికి చిక్కము కట్టి కోసినచో ఈ బాధ చాలవరకు తప్పును, కాని ముచ్చిక మొదలంట విరిగినయెడల సొన చివ్వున చిమ్మి తొక్కపై చారలు కట్టును. తొలి క్షణములలో వెలువడు సొనలో తొక్కను కాల్చు ఘాటైన తైలాంశములు గలవు. ఆ చార పండినకొలది నల్లబడి కుళ్లునకు వాకిలి తెరచును. అందుచేత తెలిసినవారు కాయను బెత్తెడు ముచ్చికతో కోయించి, నీడకు చేర్చి, పిదప ఆ ముచ్చికను కత్తిరించి, కాయను జల్లెడబల్లపై తలక్రిందులుగా నిలిపి, సొనయంతయు తొక్క నంటకుండ క్రిందికి కారిపోవునట్లు చేయుదురు. ఇంతటి పనికి కావలసినది ఒక కత్తెర, ఒక బల్ల, చెట్టునీడ, తొందరలేని ఇరువురు కూలీలు.

కంటికి కానరాని శత్రువు మరియొకడు కలడు. ఆంత్రాక్నోస్ అను మచ్చతెగులు శిలీంధ్రము పూతనాడో, పిందెనాడో కాయనంటి, పచ్చితనమున్నంతకాలము తొక్కలో అణగియుండి, కాయ పండుటకు ఆరంభించినంతనే మేల్కొని నల్లని మచ్చలుగా బయటపడును. అంగడిలో బంగారువర్ణముతో కొన్న బంగినపల్లి రెండవనాటికి మచ్చలమయమగుటకు అమ్మినవాని మోసమే కారణము కానక్కరలేదు. కోసిన కాయలను వెంటనే 52 డిగ్రీల వేడినీటిలో అయిదు మొదలు పది నిమిషములు ముంచి తీసినచో ఈ శిలీంధ్రము చాలవరకు నశించును. నాలుగైదు డిగ్రీలు హెచ్చినచో తొక్క ఉడికిపోవును, తగ్గినచో శిలీంధ్రము చావదు. కనుక ఇది వంటింటి అండాలో ఉజ్జాయింపుగా చేయదగిన పని కాదు, ఉష్ణమాపకమును దానిని చదువగల మనుష్యుడును ఉండితీరవలెను.

ఇవి రైతునకు తెలియని రహస్యములా? కావు. ఉద్యానశాఖవారి కరపత్రములలో ఏండ్ల తరబడి అచ్చగుచున్నవే. తెలిసియు ఏల చేయడనగా, చేసినందులకు అతనికి ఒక్క పైసయు అధికముగా రాకపోవుట చేత. మన ప్రాంతమున ఎన్నో తోటలు పూతలోనే గుత్తకు పోవును. గుత్తదారునకు ఆ చెట్లతో సంబంధము ఒక్క కాపు వరకే. కావలి జీతము, కూలి ఖర్చు, గాలివాన భయము మూడును అతనిని తరుముచుండ, ముదిరినవాటిని ఏరి నాలుగు విడతలుగా కోయించు ఓపిక అతని కెక్కడిది? ఒకటి రెండు కోతలలో తోటను దులుపును. కాలారంభమున ధర హెచ్చుగా నుండుటచే లేతకాయయే ముందుగా బండి యెక్కును. లేతకాయ వరిగడ్డిలో ఎన్నాళ్లు మాగవేసినను పండదు, వడలును. అచ్చటనే కార్బైడు ప్రవేశించుచున్నది. తేమ తగిలిన కార్బైడు నుండి వెలువడు అసిటిలీను వాయువు ఎథిలీనును కొంతవరకు అనుకరించి తొక్కకు పసుపుపచ్చని రంగు తెప్పించును. వాణిజ్యకార్బైడులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అంశములు కలిసియుండుటచే 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు దీనిని నిషేధించినవి. 2016లో దానికి మారుగా మిలియనుకు 100 పాళ్లు మించని ఎథిలీను వాయువును అనుమతించిరి. ఈ మార్పు స్వాగతింపదగినదే. కాని ముదరని కాయకు ఎథిలీను పెట్టినను వచ్చునది రంగే గాని తీపి కాదు. కార్బైడు పొట్లములను పట్టుకొనినంతమాత్రమున లేతకోత ఆగదు.

ఇక మార్కెట్టునకు వచ్చిన పిదప జరుగునది చూడుడు. ట్రాక్టరులోనో, డీసీఎం వ్యానులోనో గుట్టగా వచ్చిన కాయలను నేలపై కుమ్మరింతురు. కుళ్లినవి, దెబ్బతిన్నవి ఉండునన్న ఊహతో టన్నుకు ఇంతయని తరుగు తీసి, మిగిలినదానికే వెల కట్టుదురు. ముచ్చికతో కోసి, సొన కార్చి, క్రేట్లలో పేర్చి తెచ్చిన రైతునకును, కొమ్మ దులిపి తెచ్చినవానికిని తరుగు ఒక్కటే. శ్రద్ధకును అశ్రద్ధకును ఒకే శిక్ష విధించు ఇట్టి న్యాయస్థానమున శ్రద్ధ వహించువాడు తెలివితక్కువవాడుగా లెక్కింపబడుటలో ఆశ్చర్యమేమున్నది? నా దృష్టిలో మామిడి ఆయువును హరించుచున్నవానిలో ప్రథమస్థానము వేడిమిది కాదు, తెగులుది కాదు, ఈ తరుగుది.

మన రైతునకు ఇంతటి నాజూకుపని చేతకాదనువారు అనంతపురము అరటితోటలను ఒకసారి చూచి రావలెను. అచ్చట ఎగుమతిదారుల కొరకు కోయు గెలను నేలకు తాకనీయరు. అత్తములను విడదీసి, నీటితొట్లలో కడిగి, పాలు కారిపోనిచ్చి, తూచి అట్టపెట్టెలలో సర్దుదురు. 2020 జనవరిలో తాడిపత్రి నుండి ముంబయి సమీపమునగల జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవునకు శీతలకంటైనర్లతో నిండిన అరటి రైలు బయలుదేరినది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో అనంతపురము నుండి ఢిల్లీకి కిసాన్ రైలును నడపిరి. అరటియు మామిడివలెనే చలికి ఓర్వని పండు. 13 డిగ్రీలకు తగ్గినచో దాని తొక్కయు మసిబారును. ఆ రైతులు మామిడిరైతులకంటె విద్యాధికులు కారు, ఆ ఎండ మరింత చల్లనిదియు కాదు. కొనువాడు కాయ ఎట్లుండవలెనో ముందుగా చెప్పి, అట్లున్నదానికి వేరుధర యిచ్చెను. తక్కిన మార్పులన్నియు దాని వెంట నడచివచ్చినవి.

పండ్లలో నూటికి 30, 40 పాళ్లు వృథాయగుచున్నవని వేదికలపై చెప్పుట పరిపాటి. లూధియానాలోని కేంద్రీయ పంటకోతానంతర సాంకేతిక సంస్థ దేశవ్యాప్తముగా కొలిచి 2015లో ప్రకటించిన నివేదికలో పండ్ల నష్టము 6.70 శాతము మొదలు 15.88 శాతము వరకు నున్నది. జామ అన్నింటికంటె హెచ్చు, మామిడి 9.16 శాతము. అతిశయోక్తులతో పనిలేదు, ఈ సంఖ్యయే తగినంత పెద్దది. పైగా పారబోసిన కాయలు మాత్రమే ఇట్టి లెక్కలకు చిక్కును. మచ్చపడి సగము ధరకు పోయిన కాయయు, రేపటివరకు ఆగలేనన్న భయముతో నేడే తెగనమ్మిన కాయయు ఈ లెక్కలో కానరావు. ఆ భయమున కెంత వెలయో 2025 వేసవిలో చిత్తూరు జిల్లా చూచినది. తోతాపురి కాయకు కొనువారు కరవై, గుజ్జు కర్మాగారముల ముంగిట ట్రాక్టర్లు బారులు తీరగా, కిలోకు 12 రూపాయల ధరను ప్రభుత్వము నిర్ణయించి, అందు 8 రూపాయలు కర్మాగారములును, 4 రూపాయలు తానును చెల్లింతుమని ప్రకటింపవలసి వచ్చినది. కాయ నిలువలేకపోయినపుడు రైతు బేరమాడలేడు. ఒక వారము నిలువగల కాయ రైతు చేతికి ఒక వారపు బేరపుశక్తి నిచ్చును.

చేయదగిన పనులు ఖరీదైనవి కావు. తోటలో నీడపందిరి మొదటిది. గంపలకు, గడ్డికి బదులు ప్లాస్టిక్ క్రేట్లు రెండవది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనసంస్థవారు రూపొందించిన తడియిసుక గది, అనగా రెండు ఇటుకగోడల నడుమ ఇసుక నింపి నీరు చల్లుచుండు చిన్న కట్టడము, విద్యుత్తు లేకయే వేసవిలో లోపలి వేడిమిని 10 డిగ్రీలకు పైగా తగ్గింపగలదు. గాలి పొడిగానుండు పాలమూరు, రాయలసీమ ప్రాంతములకు ఇది అనుకూలము. సముద్రపుగాలి వీచు చోట అంతగా ఫలింపదు, టన్నులకొద్ది సరకునకును చాలదు. ఒక కుటుంబము కోసిన కాయలను ఆ రాత్రికి చల్లబరచుటకు మాత్రము చాలును. 2014-15లో ఆరంభించిన సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషను మార్గదర్శకములలో 9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పుగల తోటస్థాయి ప్యాక్‌హౌసునకు వ్యయములో సగము సహాయముగా నిచ్చు ఏర్పాటు కలదు. కోట్లు వ్యయమగు గిడ్డంగికి శంకుస్థాపన చేసినచో శిలాఫలకముండును, ఛాయాచిత్రముండును. రేకులపందిరికి అవి యుండవు గనుక దాని నడుగువారు లేరు, ఇప్పించువారును లేరు. ఇక మైనపుపూతలు, తినదగిన పొరలు, ఎథిలీనును పీల్చు సంచులు మొదలగు నూతన సాధనములున్నవి. అవి అన్నియు ఆరోగ్యవంతమైన కాయపై కొలదిదినములు కలిపియిచ్చును, దెబ్బతిన్న కాయపై పూసిన మైనము వ్యర్థము.

అందుచేత రెండు తెలుగు ప్రభుత్వములను మేము కోరునది గిడ్డంగి కాదు. రాబోవు మామిడి కాలమునకు పూర్వమే మార్కెట్ కమిటీలకు స్పష్టమైన ఉత్తర్వు నీయవలెను: ముచ్చికతో కోసి క్రేట్లలో తెచ్చిన సరకును కుమ్మరింపక, క్రేట్లతోనే గ్రేడువారీగా వేరువేలమున అమ్మవలెను, దానిపై తరుగు తీయరాదు, తీసినవాని లైసెన్సు నిలిపివేయవలెను. తొలియేడు జగిత్యాల, నూజివీడు మార్కెట్లు రెంటిలో అమలుపరచి చూచినను చాలును.